పచ్చ గుర్తు ఉంటే సరిపోతుందా? అగ్నాస్త్రంలో పొగాకు, పసుపుకు కొట్టే మందు: విషాన్ని కంప్యూటర్‌లో చూసుకునే పద్ధతి

అగ్నాస్త్రం తయారీ వీడియో పెట్టిన నాలుగు రోజులకు కోరుట్ల దిక్కు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు చూపెట్టినట్టే పొగాకు మూత్రంల నానబెట్టి చేతులతోని పిసికిన. గంట కాకముందే తలకాయ తిరిగింది, చెమటలు పట్టినయి, రెండుసార్లు వాంతులైనయి. మందు కాదు, మాకు కాదు, ఆకే కదా. మరి గిట్లెందుకైంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వీడియోలో నేను కూడా ఒట్టి చేతులతోనే పిసికాను. అది నా తప్పే. ఆ ముక్క తీసేసి పైన కొత్త వీడియో పెట్టాను. అక్క ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను నేర్చుకున్నదే ఈ పాఠం. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. వీడియోలో ఫోన్ తెర మీద చూపించినవన్నీ ఇక్కడ వివరంగా ఉన్నాయి.

ముందు మనకు తెలిసిన దగ్గర మొదలుపెడదాం. మందు డబ్బా మీద పలక ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. కింది సగంలో రంగు ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, పచ్చ. ఇది 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం వేసేది. ఆ రంగు వెనకాల ఉన్నది ఒక లెక్క, దాన్ని ఎల్‌డీ 50 అంటారు. మందును ఎలుకలకు ఒకసారి తినిపిస్తే సగం ఎలుకలు చచ్చే మోతాదు అది. ఎలుక కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతారు. 50 లోపు ఉంటే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆ పైన పచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత ఎక్కువ. మోనోక్రోటోఫాస్‌కు ఈ అంకె 20 లోపే, అందుకే ఎరుపు. వేప గింజలోని అజాడిరాక్టిన్‌కు 5000 పైనే, అందుకే పచ్చ.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ రంగు చెప్పేది "ఒకసారి ఒంట్లోకి పోతే ఏమవుతుంది" అన్నది మాత్రమే. రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే ఏమవుతుంది, కడుపుతో ఉన్నవాళ్లకు ఏమవుతుంది, తేనెటీగకు, చేపకు ఏమవుతుంది? వీటిలో ఒక్కదానికీ ఆ రంగు జవాబు చెప్పదు.

కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతులకు ఒక ఉదాహరణ. ఆకుమచ్చ వచ్చిందంటే మాంకోజెబ్ కొడతాం, విత్తన కొమ్ములను కూడా అందులోనే ముంచుతాం. ఎల్‌డీ 50 ప్రకారం చూస్తే అది 5000 పైన, అంటే పచ్చ లెక్కలోకే వస్తుంది. దుకాణంలో కూడా "ఏం కాదు కాకా, పచ్చ గుర్తుదే" అని చేతిలో పెడతారు. అదే మాంకోజెబ్ అనుమతిని యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబర్‌లో పొడిగించకుండా ఆపేసింది. కారణం తక్షణ విషం కాదు. పుట్టబోయే బిడ్డ మీద, హార్మోన్ల మీద దాని ప్రభావం. ఇది విరిగినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం వస్తుంది, అది థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఈ సంగతి డబ్బా మీది రంగులో దొరకదు. డేటాబేస్‌లో దొరుకుతుంది.

డేటాబేస్ అంటే భయపడేదేం లేదు. రెవెన్యూ ఆఫీసులో పహాణీ ఉన్నట్టే, ఒక్కో రసాయనానికి ఒక్కో పేజీ. మనకు పనికొచ్చేవి మూడు. మొదటిది పబ్‌కెమ్. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ 2004లో మొదలుపెట్టింది. పది కోట్లకు పైగా పదార్థాలున్నాయి, ఉచితం. రెండోది పీపీడీబీ, ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లది. ఇది పురుగుమందుల కోసమే ఉన్నది. సహజ మందులకు, జీవ మందులకు బీపీడీబీ అని ఇంకొకటి కూడా వాళ్లే నడుపుతున్నారు, మన పద్ధతి రైతులు అదీ చూడాలి. మూడోది మన చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ వాళ్లు తయారుచేసిన ఇంపాట్. మన ఔషధ మొక్కల్లో ఏ మొక్కలో ఏయే రసాయనాలున్నాయో ఇందులో ఉంటుంది. హార్మోన్లను చెడగొట్టే రసాయనాల కోసం డిడక్ట్ అని వేరే డేటాబేస్ కూడా అదే బృందం 2019లో పెట్టింది.

వెతికేటప్పుడు ఒక్కటి మరువద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కొడితే ఏమీ రాదు. దాని కింద చిన్న అక్షరాల్లో సాంకేతిక పేరు ఉంటుంది, అది కొట్టాలి. మొక్క అయితే శాస్త్రీయ నామం కావాలి. వీడియోలో నేను మొదట కంపెనీ పేరే కొట్టి తిప్పలు పడ్డాను, అది కోయకుండా అట్లనే ఉంచాను.

జగిత్యాల మామిడి రైతులు పీపీడీబీలో ఇమిడాక్లోప్రిడ్ పేజీ ఒకసారి తెరవండి. తేనెమంచు పురుగుకు పూత మీద కొట్టే మందు ఇదే. ఎలుకకు ఎల్‌డీ 50 దాదాపు 450, అంటే పసుపు గుర్తు. అదే పేజీలో కిందికి పోతే తేనెటీగ వరుస వస్తుంది: ఒక్క తేనెటీగకు 0.0037 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఒక్క గ్రాము మందును అట్లా పంచితే 27 కోట్ల తేనెటీగల లెక్క వస్తుంది. పొలంలో అంత జరగదు, గాలికి, ఎండకు, ఆకులకు చాలా పోతుంది. అయినా పూత మీద, అందులోనూ పొద్దున తేనెటీగలు తిరిగే వేళ కొడితే పిందె తక్కువ పట్టిందని తర్వాత ఎవరిని అడుగుతాం? ఎలుకకు ఒక లెక్క, ఈగకు ఒక లెక్క అన్నది ఈ ఒక్క పేజీ చూస్తే అర్థమైపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరో పరీక్ష చేసి రాసిపెట్టిన అంకెలు. మరి పరీక్షే చేయని పదార్థం సంగతేంది? లోకంలో ఉన్న రసాయనాల్లో పూర్తిగా పరీక్షించినవి చాలా తక్కువ. అన్నిటికీ ఎలుకలను చంపుకుంటూ పోలేం, అంత డబ్బూ లేదు. కంప్యూటర్ మోడల్ అవసరం ఇక్కడ వస్తుంది.

దీని పుట్టుక వ్యవసాయ రసాయనాల దగ్గరే జరిగింది. కాలిఫోర్నియాలో కార్విన్ హాన్ష్ అనే రసాయన శాస్త్రవేత్త 1962లో, జపాన్ నుంచి వచ్చిన తోషియో ఫుజితాతో కలిసి, ఫినాక్సీ అసిటిక్ ఆమ్లాల మీద పనిచేశాడు. మనకు తెలిసిన 2,4-డి గడ్డిమందు ఆ కుటుంబంలోదే. ఒక్కో అణువులో చిన్న చిన్న మార్పులు చేస్తే మొక్క మీద ప్రభావం ఎట్లా మారుతుందో చూసి, దాన్ని ఒక సమీకరణంగా రాశాడు. అందులో ముఖ్యమైన అంకె లాగ్ పీ. పదార్థం నూనెలాంటి ద్రవంలో ఎక్కువ కరుగుతుందా, నీళ్లలో ఎక్కువ కరుగుతుందా అన్నది ఈ అంకె చెబుతుంది. లాగ్ పీ 1 అంటే నూనె వైపు పది రెట్లు ఎక్కువ, 2 అంటే వంద రెట్లు. సున్నా కంటే తక్కువైతే నీళ్ల వైపే మొగ్గు. మన చర్మం మీద, కణాల చుట్టూ ఉన్నది కొవ్వు పొరే కాబట్టి ఈ అంకెకు అంత విలువ.

అక్క ప్రశ్నకు జవాబు కూడా ఇట్లాంటి ఒక సమీకరణంలోనే దొరికింది. 1992లో పాట్స్, గయ్ అనే ఇద్దరు, అప్పటికే మనిషి చర్మం మీద కొలిచి ఉన్న తొంభైకి పైగా పదార్థాల అంకెలు తీసుకొని ఒక సూత్రం కట్టారు. చర్మం గుండా పోయే వేగానికి లాగ్ = −2.72 + 0.71 × లాగ్ పీ − 0.0061 × అణుభారం. వేగం గంటకు సెంటీమీటర్లలో వస్తుంది. సూత్రం చూసి పేజీ మూసేయకండి, కూడికలు తీసివేతలే. నూనె వైపు మొగ్గు పెరిగితే వేగం పెరుగుతుంది, అణువు బరువు పెరిగితే వేగం తగ్గుతుంది. ఇంతే దాని అర్థం.

పొగాకులోని నికోటిన్, వేపలోని అజాడిరాక్టిన్ రెండిటినీ ఇందులో వేద్దాం. లాగ్ పీ రెండిటికీ దాదాపు ఒకటే, 1.1 దగ్గర. కాబట్టి ఆ భాగం కొట్టుకుపోతుంది. మిగిలింది బరువు. నికోటిన్ అణుభారం 162, అజాడిరాక్టిన్‌ది 720. తేడా 558. దాన్ని 0.0061తో గుణిస్తే 3.4. ఇది లాగ్ కాబట్టి, పది మీద 3.4 ఘాతం అంటే సుమారు 2,500. అంటే ఒకే గాఢతలో ఉంటే, వేపలోని అజాడిరాక్టిన్ కంటే నికోటిన్ రెండున్నర వేల రెట్లు వేగంగా చర్మం దాటుతుందని మోడల్ చెబుతోంది. రెండూ ఆకూ గింజల నుంచి వచ్చినవే, రెండూ సహజమైనవే. ఒకటి చేతి మీదే ఆగిపోతుంది, ఇంకొకటి రక్తంలోకి పోతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. పచ్చి పొగాకు కోసే కూలీలకు, ముఖ్యంగా మంచు తడి ఉన్న పొద్దుట పూట, తల తిరగడం, వాంతులు రావడం వైద్యులకు తెలిసిన జబ్బే. దానికి పచ్చి పొగాకు జబ్బు అనే పేరే ఉంది. అక్కకు వచ్చిన లక్షణాలు సరిగ్గా అవే.

ఇంకొక సంగతి ఉంది, ఇది డేటాబేస్ పేజీలో నేరుగా కనబడదు. పొగాకు నమిలే పెద్దలు దాంట్లో సున్నం ఎందుకు కలుపుతారు? సున్నం క్షారం. నికోటిన్ ఆమ్లంలో ఉంటే ఉప్పు రూపంలో ఉంటుంది, పొరలు దాటడం కష్టం. క్షారంలో ఉంటే విడివడి సులువుగా దాటుతుంది. లెక్క ప్రకారం పీహెచ్ 6 దగ్గర విడిగా ఉండేది నూటికి ఒక వంతే. పీహెచ్ 8 దగ్గర సగం. 9కి పోతే 90 దాటుతుంది. ఇప్పుడు మన ఆవు మూత్రం సంగతి చూడండి. నిల్వ ఉన్న కొద్దీ అందులోని యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది, ఆ ఘాటు వాసన అదే. అంటే పాత మూత్రం గట్టి క్షారం. దానిలో పొగాకు వేసి చేతులతో పిసకడమంటే సున్నం కలిపిన పొగాకును నోట్లో కాక చేతులకు పెట్టుకున్నట్టే. పాట్స్, గయ్ సూత్రంలో ఈ పీహెచ్ సంగతి లేదు. నికోటిన్ పూర్తిగా విడిగా ఉన్నట్టు అనుకొనే మనం లెక్క కట్టాం. మామూలు నీళ్లకు ఆ లెక్క ఎక్కువ చెప్పినట్టు, నిల్వ మూత్రానికి మాత్రం దాదాపు సరిపోతుంది.

నికోటిన్‌కు ఎలుకల్లో ఎల్‌డీ 50 దాదాపు 50, ఎరుపు గుర్తు అంచున ఉంటుంది. నికోటిన్ సల్ఫేట్ ఒకప్పుడు మన దేశంలో అమ్మిన పురుగుమందే. 1992లో ప్రభుత్వం దేశంలో దాని వాడకాన్ని ఆపి, ఎగుమతి కోసం తయారీని మాత్రం ఉంచింది. కిలో ఎండు పొగాకులో రెండు శాతం లెక్కన 20 గ్రాముల నికోటిన్ ఉంటుంది. డబ్బా లేదు, గుర్తు లేదు, కంపెనీ లేదు. పదార్థం మాత్రం అదే.

ఇప్పుడు సిరిసిల్ల వైపు వద్దాం. సాంచాల మీద పనిచేసే కుటుంబాలు చాలామంది ఇటు రెండెకరాల పొలం కూడా చేసుకుంటారు, అద్దకం పనికి పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేది ఇంకో రకం మోడల్. ఇందులో సమీకరణం ఉండదు, అణువు బొమ్మలో ప్రమాదకరమైన ముక్క ఏదైనా ఉందా అని కంప్యూటర్ వెతుకుతుంది. వరిలో కలుపు ఏరేవాళ్లు ఊదను ఆకు చూసి పట్టుకున్నట్టు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ యాష్బీ 1985లో ఇట్లాంటి ముక్కలన్నీ ఒకే ఊహా అణువులో పెట్టి బొమ్మ గీశాడు. యూరోపియన్ కమిషన్ తయారు చేయించిన టాక్స్‌ట్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే పద్ధతి మీద పనిచేస్తుంది.

బట్టల రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులు. రెండు నైట్రోజన్లు జంట బంధంతో కలిసి ఉంటాయి, రంగు అక్కడి నుంచే వస్తుంది. ఒంట్లోకి పోయినంక ఆ బంధం తెగితే ఆరోమాటిక్ అమైన్లు వస్తాయి. వాటిలో బెంజిడిన్ లాంటివి మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయి. రంగుల ఫ్యాక్టరీ కూలీల్లో ఈ క్యాన్సర్‌ను జర్మనీలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్ 1895లోనే గుర్తించాడు. అప్పుడు కంప్యూటర్ లేదు, మనుషులు జబ్బు పడితేనే తెలిసింది. జర్మనీ 1994లో ఇట్లాంటి అజో రంగుల మీద నిషేధం తెచ్చింది, మన దేశం 1997లో 70 అజో రంగులను నిషేధించింది. టాక్స్‌ట్రీలో బెంజిడిన్ బొమ్మ పెడితే క్షణంలో హెచ్చరిక వస్తుంది. అంటే అద్దకం పనివాళ్లు రంగు డబ్బా మీది పేరు, సంఖ్య రాసుకొని పెట్టుకుంటే వాళ్ల పిల్లలే ఫోన్‌లో వెతికి చెప్పొచ్చు.

పసుపులో కల్తీకి వేసే మెటానిల్ ఎల్లో కూడా అజో రంగే. ఆహారంలో దానికి అనుమతి లేదు. చిటికెడు పసుపును నీళ్లలో కలిపి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే గులాబీ, ఊదా రంగు తేలుతుంది. నీళ్లు ఎక్కువ పోసినా ఆ రంగు పోకపోతే కల్తీ ఉన్నట్టు. అసలు పసుపులోనూ ఆమ్లానికి ఎరుపు రావచ్చు, కానీ నీళ్లు పోస్తే పోతుంది.

ముక్కలు చూసి పట్టే మోడల్ తప్పు కూడా చేస్తుంది. మన పసుపులోని కర్క్యుమిన్ బొమ్మ పెట్టి చూడండి. ప్రోటీన్లకు అతుక్కునే ముక్క ఉందని హెచ్చరిక వస్తుంది. ముక్క నిజంగానే ఉంది. కానీ తిన్న కర్క్యుమిన్ పేగులోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఆ సంగతి బొమ్మలో ఉండదు. కాబట్టి హెచ్చరిక అంటే తీర్పు కాదు, ఇంకా చూడమని చెప్పడం.

రెండోవైపు తప్పు ఇంకా ప్రమాదం. పారాక్వాట్ గడ్డిమందు లాగ్ పీ సున్నా కంటే చాలా కింద, చర్మం, కొవ్వు పొరలు సులువుగా దాటదని మోడల్ అంటుంది. ఎలుక లెక్కలో పసుపు గుర్తే. కానీ కడుపులోకి పోతే మాత్రం ఊపిరితిత్తుల కణాలు దాన్ని తమకు కావలసిన పాలీఅమైన్ అనుకొని లోపలికి లాక్కుంటాయి. దీనికి విరుగుడు లేదు. లాగ్ పీ మీద నడిచే ఏ సమీకరణమూ ఈ మోసాన్ని ముందు చెప్పలేదు. దయచేసి ఈ మందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి. ఎవరి మనసైనా బాగా లేదని అనిపిస్తే మందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసేసి 14416కు ఫోన్ చేయండి, ఉచితం.

మోడల్‌ను ఎక్కడ నమ్మాలి అన్నదానికి ఒక కొలత ఉంది. జగిత్యాల పొలాస పరిశోధన స్థానంలో ఒక వరి రకం మంచిగ పండిందనుకోండి. దాన్ని నేరుగా అందరికీ ఇవ్వరు, మినీకిట్లుగా వేరే వేరే నేలల్లో పెట్టి చూస్తారు. కాలువ కింద నల్లరేగడిలో వచ్చిన దిగుబడి చెలకలో వస్తుందని ఎవరూ చెప్పరు. మోడల్ కూడా అంతే. ఏ రకం అణువుల మీద తయారైందో అట్లాంటి వాటికే దాని మాట చెల్లుతుంది. 2004లో ఓఈసీడీ దేశాలు పెట్టుకున్న అయిదు సూత్రాల్లో ఇది ఒకటి. మాంకోజెబ్‌లో మాంగనీస్, జింక్ లోహాలు గొలుసులా అల్లుకొని ఉంటాయి, చాలా మోడళ్లు దాన్ని చదవలేవు. అగ్నాస్త్రం, దశపర్ణి లాంటి కషాయాల్లో వందల పదార్థాలు కలిసి ఉంటాయి, ఆ మిశ్రమాన్ని మొత్తంగా చదివే మోడల్ నాకు కనబడలేదు. ఒక్కో పదార్థాన్ని విడిగా చూడాలి, అందులో గట్టి విషం ఏదో దాన్ని బట్టే జాగ్రత్త తీసుకోవాలి.

అందుకే అగ్నాస్త్రం చేసేటప్పుడు ఇకమీద ఇట్లా చేయండి. పొగాకును చేతితో పిసకవద్దు, కర్రతో కలపండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, బట్ట గ్లౌజులు తడిస్తే ఇంకా ఎక్కువ నష్టం. ఆరుబయట, మూత పెట్టి, గాలి వాలుకు ఎదురు నిలబడకుండా ఉడకబెట్టండి. ఆ గిన్నె మళ్లీ వంటకు వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు దగ్గరికి రావద్దు. కొట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, తడిస్తే వెంటనే మార్చి సబ్బుతో కడుక్కోవాలి. ఆకుకూరల మీద దీన్ని నేనైతే కొట్టను. రసం పీల్చే పురుగులే అయితే పొగాకు లేని నీమాస్త్రంతో మొదలుపెట్టండి. తల తిరిగితే పని ఆపి, బట్టలు విప్పి, ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయండి. ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. వాళ్లకు "సహజ కషాయం" అని కాకుండా "పొగాకు, నికోటిన్" అని స్పష్టంగా చెప్పండి.

ఫోన్ చేసిన అక్క ఇప్పుడు బాగానే ఉంది. మళ్లీ మాట్లాడినప్పుడు, "మరి దశపర్ణిల ఉమ్మెత్తాకు వేస్తాం కదా తమ్మీ, దాని సంగతేంది?" అని అడిగింది. వచ్చే వీడియోలో ఆ పది ఆకులనూ ఒక్కొక్కటిగా ఇంపాట్‌లో వెతుకుదాం. మీరు మీ ఊళ్లో ఏయే ఆకులు వేస్తున్నారో కింద రాయండి, ఊరి పేర్లతోనే రాయండి, శాస్త్రీయ నామాలు నేను చూసుకుంటాను. ఉమ్మెత్త వేసేవాళ్లు మాత్రం అప్పటిదాకా చేతులతో నూరకండి.